పాత హోమ్ కంప్యూటర్‌ను కొత్త టీవీకి, మానిటర్‌కు సరిగ్గా కలపడం ఎలా?

కమొడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో, అమిగా, ఆపిల్ 2 వంటి యంత్రం చేతికి వచ్చినవారు దాదాపు అందరూ మొదట అడిగే ప్రశ్న "ఏ కన్వర్టర్ కొనాలి?" అన్నదే. నిజానికి అది చివర తేలవలసిన ప్రశ్న. యంత్రానికి అందే కరెంటు సరైనదో కాదో, వెనుక సాకెట్ నుంచి వచ్చే సిగ్నల్ ఏ రకానిదో, మీ తెర దేనిని స్వీకరిస్తుందో తెలుసుకోకుండా కొన్న పెట్టె చాలాసార్లు అటకెక్కుతుంది. అందుకే ఈ మార్గదర్శి ముందు పవర్, తరువాత సిగ్నల్, ఆ తరువాత తెర, ఆఖరున పెట్టె, కేబుల్ అనే వరుసలో సాగుతుంది. ఈ వరుసను మార్చకండి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

☐ డిజిటల్ మల్టీమీటర్. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు.

☐ యంత్రం పూర్తి మోడల్ పేరు, అడుగున ఉన్న లేబుల్ ఫోటో. అది పాల్ (యూరప్, భారత్ వంటి చోట్ల టీవీ పద్ధతి) దేశాల కోసం చేసినదో, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) దేశాల కోసం చేసినదో పవర్ సప్లై లేబుల్ మీది మెయిన్స్ వోల్టేజిని బట్టి చాలావరకు ఊహించవచ్చు.

☐ ఆ మోడల్ మాన్యువల్‌లోని వెనుక సాకెట్ల పిన్నుల పటం.

☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు. ఏళ్ల తరబడి వాడని సాకెట్లలో పట్టిన చిలుమే సగం లోపాలకు మూలం.

☐ టీవీ లేదా మానిటర్ వెనుక భాగం ఫోటో, దాని మాన్యువల్.

☐ పనిచేస్తున్న పాత డీవీడీ ప్లేయర్ వంటి పరికరం ఒకటి. టీవీ కాంపొజిట్ సాకెట్ (సాధారణంగా పసుపు రంగు గుండ్రని ఆర్‌సీఏ వీడియో సాకెట్) బాగున్నదని ముందే నిర్ధారించుకుంటే, తరువాత చిత్రం రానప్పుడు అనుమానించవలసినవి సగానికి తగ్గుతాయి.

2. పవర్ సప్లై పరీక్ష

చిత్రం రాకపోతే తీరిగ్గా వెతికి సరిచేసుకోవచ్చు. చెడిన పవర్ సప్లై వల్ల లోపలి చిప్పులు కాలిపోతే మాత్రం, కొన్నిటికి బదులు చిప్పులు ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు. కాబట్టి "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ఆత్రాన్ని ఈ అడుగు పూర్తయ్యేదాకా అదుపులో పెట్టుకోవాలి.

కమొడోర్ 64కు 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ ఒకే ప్లగ్గు ద్వారా వెళతాయి. దాని అసలు పవర్ సప్లై లోపల జిగురు పోసి మూసిన ఇటుక లాంటిది. వేడి బయటకు పోయే దారి లేదు. అందులోని రెగ్యులేటర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే భాగం) చెడినప్పుడు 5 వోల్టుల లైను పడిపోవడానికి బదులు పైకి ఎగబాకుతుంది, ఆ దెబ్బ ముందుగా మెమరీ చిప్పులకు తగులుతుంది. ప్లగ్గును కంప్యూటర్‌కు పెట్టకుండా, పిన్నుల పటం చూసుకుంటూ డీసీ పిన్నుల మధ్య కొలవండి. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య లేకపోతే ఆ ఇటుకను పక్కన పెట్టేయాలి. కొలత సరిగా వచ్చినా అది ఆ క్షణానికి మాత్రమే వర్తిస్తుంది, అరగంట వేడెక్కాక ఏమవుతుందో చెప్పదు. అసలు ఇటుకను అలంకారానికి ఉంచుకుని, వాడకానికి కొత్తగా తయారైన పవర్ సప్లైని కొనడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టక తప్పని చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

స్పెక్ట్రమ్ సంగతి వేరు. దాని అడాప్టర్ 9 వోల్టులని రాసి ఉన్నా, రెగ్యులేట్ చేయనిది కనుక కంప్యూటర్‌కు కలపకుండా కొలిస్తే 12 వోల్టులకు పైన చూపించడం సహజమే. అది చూసి కంగారు పడనవసరం లేదు. కంగారు పడవలసినది ధ్రువాల విషయంలో: స్పెక్ట్రమ్ ప్లగ్గులో మధ్య భాగం నెగటివ్, నేటి అడాప్టర్లలో చాలావాటికి మధ్య భాగం పాజిటివ్. ప్లగ్గు చక్కగా పట్టినంత మాత్రాన ఇంట్లోని ఏదో ఒక 9 వోల్టుల అడాప్టర్‌ను తగిలిస్తే యంత్రం దెబ్బతింటుంది.

బీబీసీ మైక్రోలో పవర్ సప్లై పెట్టె లోపలే ఉంటుంది. మెయిన్స్ వైపున ఉన్న కాగితపు ఫిల్టర్ కెపాసిటర్ల పైతొడుగు కాలక్రమంలో పగిలి, తేమ పీల్చి, ఆన్ చేసిన కాసేపటికి దట్టమైన పొగతో పేలడం బాగా తెలిసిన విషయం. కంప్యూటర్ అప్పటికీ పనిచేస్తూనే ఉండవచ్చు కానీ గదిలో ఆ దుర్వాసన రోజుల తరబడి వదలదు. వీటిని ముందే మార్పించాలి. మెయిన్స్ వోల్టేజి పని కాబట్టి అనుభవం లేనివారు ఆ పెట్టెను తెరవకుండా తెలిసిన టెక్నీషియన్‌కు ఇవ్వాలి.

ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ వంటివాటికి కరెంటు వాటి సొంత మానిటర్ నుంచే వస్తుంది. మానిటర్‌ను తీసేస్తే పవర్ కూడా పోయినట్లే. సీపీసీ 464కు 5 వోల్టులు చాలు. డిస్క్ డ్రైవ్ ఉన్న 664, 6128 మోడళ్లకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా విడిగా అందించాలి.

3. యంత్రం ఇచ్చే సిగ్నల్‌ను గుర్తించడం

నాణ్యతను బట్టి చూస్తే అట్టడుగున ఆర్‌ఎఫ్, దానిపైన కాంపొజిట్, ఆపైన ఎస్-వీడియో, అన్నిటికన్నా పైన ఆర్‌జీబీ ఉంటాయి. ఆర్‌ఎఫ్ అంటే యాంటెన్నా సాకెట్‌లోకి వెళ్లే చిన్న టీవీ ప్రసారం. కాంపొజిట్‌లో వెలుగు, రంగు, సింక్ (ప్రతి గీత, ప్రతి ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెరకు చెప్పే సంకేతం) మూడూ ఒకే తీగలో కలిసిపోతాయి. తెర వాటిని మళ్లీ విడదీయబోయి పూర్తిగా విడదీయలేకపోవడం వల్లనే అక్షరాల అంచుల వెంట రంగు చుక్కలు పాకుతూ కనిపిస్తాయి. ఎస్-వీడియోలో వెలుగు, రంగు రెండు తీగలలో విడిగా వస్తాయి. ఆర్‌జీబీలో మూడు రంగులకూ మూడు తీగలు, సింక్‌కు మరొకటి ఉంటాయి.

మీ యంత్రం వీటిలో ఏది ఇస్తుందో సాకెట్ ఆకారాన్ని బట్టి నిర్ణయించవద్దు. గుండ్రని డిన్ సాకెట్‌ను ఆ కాలంలో వీడియోకూ, క్యాసెట్‌కూ, పవర్‌కూ విచ్చలవిడిగా వాడారు. 8 పిన్నుల డిన్‌లోనే పిన్నుల అమరిక రెండు రకాలుగా ఉంటుంది, ఒకదాని ప్లగ్గు రెండోదానిలో దూరదు. బలవంతం చేస్తే పిన్ను వంగుతుంది.

- స్పెక్ట్రమ్ 48కె: ఆర్‌ఎఫ్ మాత్రమే ఇస్తుంది. బ్రిటిష్ మోడళ్లలో యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్. అయితే లోపల మాడ్యులేటర్‌కు (వీడియోను టీవీ ప్రసారంగా మార్చే భాగానికి) వెళ్లేది కాంపొజిట్ సిగ్నలే కనుక దానిని బయటకు తీసుకోవచ్చు (6వ భాగం చూడండి). స్పెక్ట్రమ్ 128లో ఆర్‌జీబీ సాకెట్ ఉంది.

- కమొడోర్ 64: ఆర్‌ఎఫ్‌తో పాటు డిన్ సాకెట్ ఉంటుంది. మొదటి రకాల్లోని 5 పిన్నుల సాకెట్‌లో రంగు సిగ్నల్ విడిగా రాదు. 8 పిన్నులున్నదైతే వెలుగు, రంగు విడివిడిగా వస్తాయి కాబట్టి ఎస్-వీడియో దొరికినట్లే.

- కమొడోర్ 128: 40 అక్షరాల తెరకు డిన్ సాకెట్, 80 అక్షరాల తెరకు 9 పిన్నుల డిజిటల్ ఆర్‌జీబీ సాకెట్. ఇవి రెండూ వేర్వేరు చిత్రాలు. ఒకదానికి కేబుల్ పెట్టి రెండోదాని కోసం ఎదురుచూడడం తరచుగా జరిగే పొరపాటు.

- బీబీసీ మైక్రో: ఆర్‌ఎఫ్, బీఎన్‌సీ సాకెట్‌లో కాంపొజిట్, 6 పిన్నుల డిన్‌లో ఆర్‌జీబీ. కాంపొజిట్ మామూలుగా నలుపు-తెలుపే, రంగు కావాలంటే లోపల ఒక లింకును కలపాలి. ఆర్‌జీబీ 5 వోల్టుల టీటీఎల్ (డిజిటల్ చిప్పుల) స్థాయిలో వస్తుంది.

- అమిగా 500: 23 పిన్నుల సాకెట్‌లో అనలాగ్ ఆర్‌జీబీ. పక్కనున్న కాంపొజిట్ సాకెట్ నలుపు-తెలుపు మాత్రమే ఇస్తుంది, అది లోపం కాదు. 23 పిన్నుల ప్లగ్గులు అరుదు కనుక, 25 పిన్నుల ప్లగ్గును కోసి వాడేవారు ఎందరో ఉన్నారు.

- అటారీ ఎస్‌టీ: 13 పిన్నుల డిన్. రంగు మోడ్‌లలో మామూలు టీవీ స్థాయి ఆర్‌జీబీ వస్తుంది. హై రిజల్యూషన్ నలుపు-తెలుపు మోడ్ మాత్రం సుమారు 35.7 కిలోహెర్ట్జ్, 71 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది కాబట్టి తగిన అడాప్టర్ ఉంటే చాలా వీజీఏ మానిటర్లు దానిని నేరుగా చూపిస్తాయి.

- ఆపిల్ 2: ఆర్‌సీఏ సాకెట్‌లో కాంపొజిట్. ఇక్కడ రంగులు పుట్టేదే కాంపొజిట్ సిగ్నల్‌లో. నలుపు-తెలుపు గీతల అమరికను ఎన్‌టీఎస్‌సీ డీకోడర్ రంగుగా చదవడం మీదే అది ఆధారపడింది. కాబట్టి ఎన్‌టీఎస్‌సీ కాంపొజిట్‌ను చక్కగా చదివే పెట్టెను చూసుకోవాలే గాని, ఇంతకంటే మంచి సాకెట్ కోసం వెతకడం వృథా.

4. తెర దేనిని స్వీకరిస్తుంది?

పాత హోమ్ కంప్యూటర్లు ప్రధానంగా టీవీ కోసం చేసినవి. సెకనుకు గీసే గీతల సంఖ్య పాల్‌లో 15,625, ఎన్‌టీఎస్‌సీలో 15,734. వీజీఏ మానిటర్ కనీస స్థాయి దానికి రెట్టింపు, దాదాపు 31,500. అందుకే అమిగా ఆర్‌జీబీని పిన్నులు మార్చి వీజీఏ సాకెట్‌లో పెట్టినా, ఎల్‌సీడీ మానిటర్లలో చాలావరకు "అవుట్ ఆఫ్ రేంజ్" అనే సందేశంతో సరిపెడతాయి. తీగలు ఎంత చక్కగా కలిపినా ఈ తేడా పోదు.

రెండో చిక్కు కంటికి ఇంత సులువుగా కనిపించదు. టీవీ ప్రసారంలో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి వచ్చి పూర్తి చిత్రం అవుతుంది. హోమ్ కంప్యూటర్ అలా చేయకుండా ప్రతిసారీ అవే గీతల మీద మళ్లీ గీస్తుంది. దీనినే 240పీ, 288పీ అంటారు. చాలా కొత్త టీవీలు ఈ సంగతి గుర్తించక, దానిని 480ఐ లేదా 576ఐ అనుకుని రెండు ఫ్రేములను కలపబోతాయి. ఫలితంగా కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి, ఒక ఫ్రేము వదిలి ఒక ఫ్రేములో గీసిన బొమ్మలు పూర్తిగా మాయమవుతాయి కూడా.

మూడోది రిఫ్రెష్ రేటు. స్పెక్ట్రమ్ 48కె సెకనుకు 50.08 ఫ్రేములు, పాల్ కమొడోర్ 64 సుమారు 50.12 ఫ్రేములు ఇస్తాయి. సరిగ్గా 50 కాదు. 60 హెర్ట్జ్ మాత్రమే తెలిసిన మానిటర్‌కు ఇది మింగుడుపడదు.

తెర వెనుక చూడవలసినవి:

☐ యాంటెన్నా సాకెట్ ఉంటే, లోపలి ట్యూనర్ అనలాగ్ ప్రసారాన్ని పట్టుకుంటుందా? ఇప్పుడు డిజిటల్ ట్యూనర్ మాత్రమే ఉన్న టీవీలు ఎక్కువ.

☐ పసుపు ఆర్‌సీఏ సాకెట్ ఉందా? పచ్చ సాకెట్‌తో ఉమ్మడిగా ఉంటే మెనూలో ఏవీ, కాంపొనెంట్‌లలో (కాంపొనెంట్ అంటే చిత్రాన్ని మూడు తీగలలో పంపే పద్ధతి) ఒకదానిని ఎంచుకోవలసి రావచ్చు.

☐ ఆర్‌సీఏ బదులు 3.5 మిల్లీమీటర్ల ఏవీ సాకెట్ ఉందా? దానికి ఆ టీవీ కోసం చేసిన కేబులే కావాలి, ఎందుకంటే ప్లగ్గు మీది నాలుగు వలయాల క్రమం కంపెనీ కంపెనీకి మారుతుంది. చిత్రం రాకుండా స్పీకర్‌లో గరగర వినిపిస్తే, వీడియో తీగ సౌండ్ వలయానికి తగిలిందని అర్థం. మిగతా రంగుల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ప్రయత్నించండి.

☐ స్కార్ట్ సాకెట్ (21 పిన్నుల వెడల్పాటి యూరప్ ఏవీ సాకెట్) ఉందా? ఉంటే అది ఆర్‌జీబీని తీసుకుంటుందా, కాంపొజిట్‌ను మాత్రమేనా?

☐ హెచ్‌డీఎంఐలో 50 హెర్ట్జ్‌ను ఒప్పుకుంటుందా? మాన్యువల్‌లో 576పీ లేదా 50 హెర్ట్జ్ మోడ్‌లు కనిపిస్తే ఒప్పుకుంటుంది.

5. దారిని ఎంచుకోవడం

నేరుగా కాంపొజిట్. టీవీలో సాకెట్ ఉంటే ముందు ఇదే ప్రయత్నించండి. చిత్రం అందంగా ఉండకపోవచ్చు, కానీ యంత్రం బతికే ఉందని రుజువవుతుంది. ఆ రుజువు లేకుండా ఖరీదైన పెట్టె కొనవద్దు.

చౌకైన కాంపొజిట్-హెచ్‌డీఎంఐ పెట్టె. అరచేతిలో ఇమిడే ఈ పెట్టెలు సాధారణంగా 288పీని 576ఐగా పొరబడతాయి, చిత్రాన్ని వెడల్పు తెరకు సాగదీస్తాయి, మీట నొక్కినదానికీ తెరమీద మార్పుకూ మధ్య ఆలస్యాన్ని పెంచుతాయి. బేసిక్ ప్రోగ్రాములు రాసుకోవడానికి పరవాలేదు. ఆటలకు పనికిరావు.

కాంపొజిట్, ఎస్-వీడియో తీసుకునే లైన్ డబ్లర్. రెట్రోటింక్ 2ఎక్స్ శ్రేణి ఇందుకు మంచి ఉదాహరణ. వచ్చిన గీతను వచ్చినట్లే రెండింతలు చేసి పంపుతుంది కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు. కమొడోర్ 64, అటారీ 8 బిట్, ఆపిల్ 2 వారికి ఈ తరహా పెట్టె సరిపోతుంది.

ఓఎస్‌ఎస్‌సీ (ఓపెన్ సోర్స్ స్కాన్ కన్వర్టర్). ఆర్‌జీబీ స్కార్ట్, కాంపొనెంట్, వీజీఏ ఇన్‌పుట్‌లు ఉన్న ఈ పెట్టె గీతలను రెండు నుంచి ఐదింతల వరకు పెంచుతుంది. అమిగా, అటారీ ఎస్‌టీ, స్పెక్ట్రమ్ 128లకు చక్కగా కుదురుతుంది. దీనికి కాంపొజిట్, ఎస్-వీడియో ఇన్‌పుట్‌లు లేవు. ఇది తెలియక కమొడోర్ 64 కోసం కొని నిరాశపడేవారు తక్కువేమీ కాదు. పైగా ఇది యంత్రం రిఫ్రెష్ రేటునే యథాతథంగా తెరకు పంపుతుంది, తెర ఆ అసాధారణ వేగాన్ని ఒప్పుకోకపోతే చేయగలిగింది పెద్దగా లేదు.

ఫ్రేము నిలుపుకునే స్కేలర్లు (చిత్రాన్ని తెరకు తగినట్లు మార్చే పెట్టెలు). ఫ్రేమును జ్ఞాపకంలో ఉంచుకుని తెరకు నచ్చిన వేగంతో పంపే పెట్టెలు మొండి తెరలతో కూడా పనిచేస్తాయి. 50ని 60గా మార్చితే మాత్రం ప్రతి ఐదు ఫ్రేములలో ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది, పక్కకు జరిగే దృశ్యాలు చిన్న చిన్న కుదుపులతో కదులుతాయి. కాబట్టి మొదట తెరను 50 హెర్ట్జ్‌కు ఒప్పించడానికే ప్రయత్నించాలి.

జీబీఎస్-8200 బోర్డు. ఆర్కేడ్ యంత్రాల కోసం వచ్చిన ఈ బోర్డు తయారీదారు ప్రోగ్రాముతో అంతంత మాత్రమే. దానికి ఈఎస్‌పీ8266 మాడ్యూల్ తగిలించి జీబీఎస్-కంట్రోల్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పూర్తిగా వేరే వస్తువు అవుతుంది. టంకం పని వచ్చినవారికి తక్కువ ఖర్చులో మంచి దారి.

ఆర్‌జీబీటుహెచ్‌డీఎంఐ. రాస్ప్‌బెర్రీ పై జీరో మీద నడిచే ఈ చిన్న బోర్డు డిజిటల్ ఆర్‌జీబీని నేరుగా తీసుకుని, ప్రతి పిక్సెల్‌నూ ఉన్నదున్నట్లు చూపిస్తుంది. బీబీసీ మైక్రోకు నేను ముందుగా సూచించేది ఇదే. కమొడోర్ 128 యొక్క 80 అక్షరాల తెరకు కూడా ఈ తరహా పరిష్కారమే మేలు.

6. కేబుల్, చిన్న మార్పులు

ఆర్‌జీబీ తీగలో ప్రతి రంగు 75 ఓముల ఇన్‌పుట్ దగ్గర 0.7 వోల్టులు మించకుండా ఉండాలి. టీటీఎల్ యంత్రాలు 5 వోల్టులు పంపుతాయి. అనలాగ్ ఇన్‌పుట్‌కు కలపవలసి వస్తే తీగలో వరుసగా 470 ఓముల రెసిస్టర్ పెడతారు: 470, 75 కలిపి 545 ఓములు, అందులో 75 ఓముల వంతుకు వచ్చేది దాదాపు 0.69 వోల్టులు. సింక్ తీగకు కూడా ఇదే లెక్క. రంగులు సరిగా ఉన్నాయి కదా అని 5 వోల్టుల సింక్‌ను అలాగే స్కేలర్‌లోకి పంపేవారు ఉన్నారు. పెట్టె కొంతకాలం ఓర్చుకున్నా అది మంచిది కాదు. కేబుల్ కొనేటప్పుడు సింక్‌ను 75 ఓముల స్థాయికి తగ్గించారో లేదో అమ్మేవారిని అడగండి.

స్కార్ట్ ప్లగ్గు సొంతంగా కట్టుకునేవారికి ముఖ్యమైన పిన్నులు: ఎరుపు 15, పచ్చ 11, నీలం 7, సింక్ 20. ఇవి ఆర్‌జీబీ అని టీవీకి తెలియడానికి 16వ పిన్నుకు 1 నుంచి 3 వోల్టులు, ఏవీ ఇన్‌పుట్‌కు దానంతట అది మారడానికి 8వ పిన్నుకు 12 వోల్టుల దాకా అందాలి. కేబుల్ టీవీకి కాక స్కేలర్‌కు వెళుతుంటే 8వ పిన్నును వదిలేయండి. జపాన్ 21 పిన్నుల ఆర్‌జీబీ ప్లగ్గు ఆకారం అచ్చం ఇలాగే ఉన్నా తీగల అమరిక వేరు.

కమొడోర్ 64 ఎస్-వీడియో కేబుల్‌లో రంగు తీగకు వరుసగా 300 ఓముల రెసిస్టర్ ఉండాలి. ఈ యంత్రం రంగు సిగ్నల్‌ను ఎస్-వీడియో ప్రమాణం కంటే బలంగా ఇస్తుంది. రెసిస్టర్ లేకపోతే రంగులు అతిగా ముదిరి, ఒకే రంగున్న చోట్ల గళ్ల నేత వంటి చుక్కలు కనిపిస్తాయి.

స్పెక్ట్రమ్ 48కెలో కాంపొజిట్ బయటకు తీసే క్రమం ఇది:

1. పవర్ ప్లగ్గు తీసి, అడుగున స్క్రూలు విప్పి, పై మూతను కొద్దిగా మాత్రమే ఎత్తండి. కీబోర్డు నుంచి వచ్చే రెండు పలుచని రిబ్బన్లు పాతబడి పెళుసెక్కి ఉంటాయి. వాటిని పక్కకు వంచకుండా నిటారుగా పైకి లాగండి.

2. టీవీ సాకెట్ ఉన్న వెండి రంగు రేకు పెట్టే మాడ్యులేటర్. మెయిన్ బోర్డు నుంచి దానికి రెండు తీగలు వస్తాయి: ఒకటి వీడియో, మరొకటి 5 వోల్టులు. కాసేపు పవర్ ఇచ్చి ఏది ఏదో మల్టీమీటర్‌తో నిర్ధారించుకుని, పవర్ మళ్లీ తీసేయండి.

3. రెండింటినీ మాడ్యులేటర్ నుంచి విడదీయండి. 5 వోల్టుల తీగ కొసను ఇన్సులేషన్‌తో గట్టిగా కప్పండి.

4. పెట్టె లోపల సాకెట్ మధ్య పిన్నుకు టంకం వేసి ఉన్న రెసిస్టర్ కాలును విడదీయండి.

5. వీడియో తీగను ఆ మధ్య పిన్నుకు టంకం వేయండి. ఇప్పుడు పాత టీవీ సాకెట్టే కాంపొజిట్ సాకెట్.

తీసినవాటిని ముక్కలు చేయకుండా వంచి ఉంచితే, ఎప్పుడైనా తిరిగి యథాస్థితికి తేవచ్చు.

7. మొదటిసారి ఆన్ చేసే వరుస

రెండు పిన్నుల మెయిన్స్ ప్లగ్గున్న టీవీల లోహ భాగాల మీద ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కొంత లీకేజీ వోల్టేజి నిలిచి ఉంటుంది. అన్నీ ఆన్‌లో ఉండగా ప్లగ్గు పెడితే గ్రౌండ్ కంటే ముందు సిగ్నల్ పిన్ను తగిలి ఆ వోల్టేజి పాత చిప్పు గుండా పోవచ్చు. అందుకే:

☐ ఏదీ మెయిన్స్‌కు కలపకముందే వీడియో, ఆడియో కేబుళ్లన్నీ బిగించండి.

☐ తెరను ఆన్ చేసి, సరైన ఇన్‌పుట్‌కు మార్చండి.

☐ స్కేలర్‌ను ఆన్ చేసి దాని సొంత మెనూ తెరమీద కనిపిస్తోందో చూడండి. కనిపించకపోతే లోపం హెచ్‌డీఎంఐ వైపే, కంప్యూటర్‌ను ఇంకా ముట్టుకోనవసరం లేదు.

☐ చివరగా కంప్యూటర్‌ను ఆన్ చేయండి.

☐ కొన్ని సెకన్లలో చిత్రం రాకపోతే ఆఫ్ చేయండి. వెంటనే మళ్లీ ఆన్ చేయకుండా కాసేపు ఆగండి.

సరైన ఆరంభ దృశ్యం ఏమిటో ముందే తెలిసి ఉండాలి. కమొడోర్ 64 నీలి తెర మీద 38911 బేసిక్ బైట్లు ఖాళీ ఉన్నాయని చెబుతుంది. స్పెక్ట్రమ్ తెల్లని తెర అడుగున కాపీరైట్ వాక్యం చూపిస్తుంది. బీబీసీ మైక్రో రెండు స్థాయిల బీప్ మోగిస్తుంది. ఆ బీప్ వినిపించి చిత్రం రాకపోతే యంత్రం బాగానే ఉంది, వీడియో దారిలోనే ఎక్కడో లోపం ఉంది. స్పెక్ట్రమ్‌లో మీట నొక్కినప్పుడు లోపలి స్పీకర్ నుంచి వచ్చే చిన్న "టిక్" కూడా ఇలాంటి సాక్ష్యమే.

8. చిత్రాన్ని సరిదిద్దడం

మొదట టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. ఆలస్యం తగ్గడంతో పాటు అనవసరమైన నునుపు, పదును పెంపులు చాలావరకు ఆగిపోతాయి. ఆకార నిష్పత్తిని 4:3కు మార్చండి.

ఓఎస్‌ఎస్‌సీ వంటి పెట్టెలో అసలు పని ఒక్కో గీతను ఎన్ని ముక్కలుగా చదవాలో చెప్పడం. పాల్ అమిగా లో రిజల్యూషన్‌లో, అంచులు కూడా కలుపుకుని, ఒక గీతకు 454 పిక్సెళ్ల కాలం పడుతుంది. స్పెక్ట్రమ్ 128లో అది 456. పెట్టె దీనికి భిన్నమైన సంఖ్యతో చదివితే తెర పొడవునా కొన్ని నిలువు పట్టీలలో అక్షరాలు మసకగా, మధ్య భాగాలలో స్పష్టంగా కనిపిస్తాయి.

దీనిని కంటితోనే సరిచేయవచ్చు. నిటారు గీతలున్న హెచ్, ఎమ్ వంటి అక్షరాలతో తెర మొత్తం నింపండి. మసక పట్టీలను లెక్కపెట్టండి. అమిగాలో 454 ఉండవలసిన చోట 460 ఉంటే పూర్తి గీతకు ఆరు పట్టీలు ఏర్పడతాయి, అంచులలోనివి దాగిపోగా నాలుగైదు కనిపిస్తాయి. సంఖ్యను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతే పట్టీలు వెడల్పవుతూ, సంఖ్యలో తగ్గుతూ వస్తాయి. పెరిగాయంటే మీరు వెళ్లే దిక్కు తప్పు. పట్టీలు పూర్తిగా పోయాక తెరంతా ఒకే తీరుగా మసకగా ఉండవచ్చు. అప్పుడు ఫేజ్ (ప్రతి పిక్సెల్‌ను ఏ క్షణంలో చదవాలో చెప్పే) విలువను ఒక్కో మెట్టు జరుపుతూ, అక్షరాల అంచులు వణకడం ఆగిన చోట నిలపండి. ఆ అమరికను ఆ యంత్రం పేరుతో ప్రొఫైల్‌గా భద్రపరచుకోండి.

9. తరచుగా వచ్చే లోపాలు, పరిష్కారాలు

"నో సిగ్నల్" అంటోంది. సింక్ అందడం లేదు. కేబుల్‌లో సింక్ తీగను మల్టీమీటర్‌తో చూడండి, సాకెట్‌ను ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి, స్కేలర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూడండి.

"నో సిగ్నల్" లేదు, కానీ తెర నల్లగానే ఉంది. పైదానికీ దీనికీ తేడా పెద్దది. తెర సింక్‌ను పట్టుకున్నదంటే కేబుల్ దారి చాలావరకు బాగున్నట్లే. లోపం కంప్యూటర్ లోపలే ఉండవచ్చు. కమొడోర్ 64లో ఇది మెమరీ లేదా పీఎల్‌ఏ (మిగతా చిప్పుల మధ్య అనుసంధానం చూసే) చిప్పు పోయినప్పటి సాధారణ లక్షణం.

చిత్రం నలుపు-తెలుపుగా ఉంది. యంత్రం ఆ సాకెట్‌లో రంగు ఇస్తుందా అని ముందు చూడండి. ఇస్తే, తెర పాల్, ఎన్‌టీఎస్‌సీలలో తప్పుదానిని ఎంచుకుని ఉండవచ్చు, లేదా పచ్చ-పసుపు ఉమ్మడి సాకెట్ ఇంకా కాంపొనెంట్‌లోనే ఉండవచ్చు.

అంతా పచ్చగా లేదా గులాబీ రంగులో ఉంది. ఆర్‌జీబీని కాంపొనెంట్‌గా, లేదా కాంపొనెంట్‌ను ఆర్‌జీబీగా చదువుతోంది. స్కేలర్ మెనూలో మార్చండి. ఒక్క రంగు మాత్రమే లోపిస్తే ఆ పిన్ను వంగిందో, టంకం ఊడిందో చూడండి.

చిత్రం కొన్ని సెకన్లకొకసారి ఆరిపోయి వస్తోంది. తెరకు ఆ వేగం నచ్చడం లేదు. గీతల రెట్టింపును ఐదు నుంచి మూడుకో, రెండుకో తగ్గించి చూడండి. టీవీలో మరో హెచ్‌డీఎంఐ సాకెట్‌ను కూడా ప్రయత్నించండి, అన్నీ ఒకేలా ప్రవర్తించవు.

వెడల్పాటి నీడ పట్టీ మెల్లగా పైకో కిందికో పాకుతోంది. పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ బలహీనపడింది, లేదా గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్ తీగల గుండా కరెంటు తిరగడం) ఏర్పడింది. పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపి చూడండి. తగ్గకపోతే 2వ భాగానికి తిరిగి వెళ్లండి.

కదలని సన్నని నిలువు చారలు. ఇవి వీడియో చిప్పు దగ్గరి క్లాక్ సిగ్నళ్లు వీడియోలోకి చొరబడడం వల్ల వస్తాయి. మంచి షీల్డు ఉన్న కేబుల్‌తో కొంత తగ్గుతాయి, పూర్తిగా పోకపోవచ్చు. టీవీలో పదును, కాంట్రాస్ట్ తగ్గిస్తే కంటికి ఆనవు.

సౌండ్ రావడం లేదు. స్కేలర్ అవుట్‌పుట్ డీవీఐ మోడ్‌లో ఉంటే హెచ్‌డీఎంఐ తీగలో ఆడియో వెళ్లదు, మెనూలో హెచ్‌డీఎంఐకి మార్చండి. ఒక వైపు స్పీకర్ మాత్రమే మోగితే యంత్రం మోనో అని అర్థం, ఒకటిని రెండుగా చీల్చే వై కేబుల్ వేస్తే రెండు వైపులా వినిపిస్తుంది. స్పెక్ట్రమ్ 48కె మాత్రం టీవీకి సౌండ్ పంపనే పంపదు. దానిది లోపలి స్పీకరే. అది చాలకపోతే వెనుకనున్న మైక్ సాకెట్ నుంచి చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌కు తీగ కలుపుకోవాలి.